రబ్బీ గారు రాసుకున్న పేరు

ముప్పై ఒక్క ఏళ్ల కొనుగోలు ఉద్యోగంలో నేను బేరమాడి చిత్తుగా ఓడిపోయింది ఒక్కసారే. అదీ అల్లాటప్పా మనిషి చేతిలో కాదు, సాక్షాత్తూ అబ్రాహాము సంతానంలోని మనిషి చేతిలో. మా నాచారం పారిశ్రామికవాడలో పర్చేజ్ మేనేజర్లు చాలామంది ఉన్నారు. ధర్మశాస్త్రం మీద డిస్కౌంట్ అడిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయి ఉంటాను. అంత తెలివితక్కువ పని చేయాలంటే ఎంతో కొంత సీనియారిటీ ఉండాలి. నాకు ఉంది.

ఉప్పల్‌కు మెట్రో వచ్చిన మరుసటి ఏడాది, వానలు అప్పుడే మొదలైన రోజుల్లో, మా ఎండీ గారు నన్ను పిలిచి కోషర్ తనిఖీకి బాధ్యుడిగా వేశారు. మాది బిస్కెట్లలో, సిరప్‌లలో కలిపే రుచి ద్రవాలు తయారు చేసే కంపెనీ. వెనీలా, నారింజ, ఏలకి, ఏదడిగితే అది. ఒక విదేశీ కొనుగోలుదారు పెద్ద ఆర్డరు ఇస్తానన్నాడు కానీ కోషర్ సర్టిఫికెట్ ఉంటేనే అన్నాడు. కోషర్ అంటే యూదుల ధర్మశాస్త్రం ప్రకారం తినదగినది. వాళ్ల మతబోధకుణ్ణి రబ్బీ అంటారు. సర్టిఫికెట్ కోసం ఆ రబ్బీ స్వయంగా ఫ్యాక్టరీకి వచ్చి, ప్రతి ముడిసరుకూ ఏ మూలం నుంచి వచ్చిందో, ప్రతి పాత్రలో అంతకు ముందు ఏం వండారో, ఏ ఆవిరితో వండారో చూస్తాడు. అన్నీ కుదిరితే ఫ్యాక్టరీలో ఒక్క మనిషి పేరు రాసుకుంటాడు. రబ్బీ మళ్లీ వచ్చేదాకా పైపు మారినా, సరుకు మారినా ఆయనకు ఫోన్ చేసి చెప్పవలసింది ఆ మనిషే. ఫ్యాక్టరీ మొత్తం మీద ఆయన మాట నమ్మేది ఆ ఒక్కడిదే.

ఆ పేరు నాదే కావాలనుకున్నాను. అంతగా ఎందుకు కోరుకున్నానో చెప్పాలంటే కొట్టు సంగతి చెప్పాలి.

మా నాన్నది పాత ఉప్పల్‌లో కిరాణా కొట్టు. అటూ ఇటూ బట్టల కొట్టు, ఇనుప సామాన్ల కొట్టు, అన్నీ మా పెదనాన్నలవీ చిన్నాన్నలవీ. మా నాన్న బాప్తిస్మం తీసుకున్న ఏడాది ఆ కొట్లవాళ్లు మాతో మాట్లాడటం మానేశారు, గిరాకీ సగం పడిపోయింది. ఆదివారం కొట్టు మూసేవాడు కాబట్టి మిగిలిన సగంలోనూ కొంత పోయింది. నేను పెరిగిన లెక్క అది: మేము దేవుణ్ణి పూర్తి ధర పెట్టి కొనుక్కున్నాం. ఇశ్రాయేలీయులకు, అంటే అబ్రాహాము సంతానమైన ఈ యూదులకు, మాత్రం ఆయన పుట్టుకతో, ఉచితంగా వచ్చాడు. ఆరాధనలో వాళ్ల పేరు వినిపించినప్పుడల్లా, ఏర్పరచుకున్న జనమని పాస్టర్ గారు అన్నప్పుడల్లా, పెద్ద కొడుక్కి ఇల్లు రాసిచ్చిన తండ్రిని చూసే చిన్న కొడుకులా లోపల మండేది.

ఆ మంటకు నేను ఒక మందు కనిపెట్టాను. ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు పెద్దవాళ్లకు బైబిలు వాక్య తరగతి చెప్పేవాణ్ణి. అక్కడ నిబంధనను, అంటే దేవుడు తన జనంతో చేసుకున్న ఒడంబడికను, నా వృత్తి భాషలో వివరించేవాణ్ణి. నిబంధన అంటే రేట్ కాంట్రాక్ట్ లాంటిది, దేవుడు మొదట ఒక సప్లయర్‌తో చేసుకున్నాడు, వాళ్లు సరిగా సరఫరా చేయలేదు, గడువు తీరింది, కొత్తది మనతో చేసుకున్నాడు, పాత పేరు ఇక జాబితాలో లేదు. తరగతిలో అందరూ తలలూపేవారు. నేనూ ఇంటికి తృప్తిగా వెళ్లేవాణ్ణి.

ఇప్పుడు ఆ పాత జాబితాలోని మనిషి ఒకడు నాచారం వస్తున్నాడు. నేను సంఘంలో ముందే ప్రకటించేశాను. ఆయన వచ్చే ఆదివారం మన మధ్య కూర్చుంటాడని కూడా అన్నాను. ఆయన్ను అడగలేదు.

మంగళవారం పొద్దున వచ్చారు. నలభై దాటిన సన్నటి మనిషి. నల్ల టోపీ, తెల్ల చొక్కా, చేతిలో టార్చి, చొక్కా జేబులో ఒక పొడుగు కాడకు బిగించిన చిన్న అద్దం. డ్రమ్ముల వెనకవైపు లేబుళ్లు చదవడానికి అదట. కరచాలనం కాగానే నేను చెప్పిన మొదటి మాట, నేను కూడా అబ్రాహాము దేవుణ్ణి ఆరాధించేవాణ్ణని. ఆయన చిరునవ్వుతో, చాలా మంచిది, ముడిసరుకుల జాబితా చూద్దామా అన్నారు.

మధ్యాహ్నం మా ఆవిడ సుగుణ పంపిన భోజనం బల్ల మీద పెట్టించాను. తెల్లవారుజాము నుంచీ వండింది. ఇశ్రాయేలీయులు పంది మాంసం తినరని నాకు తెలుసు కదా అని మటన్ చేయించాను. ఆయన లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, మా వంటింటి గిన్నెల్లో వండినది ఏదీ తాను తినకూడదని చెప్పారు. సంచిలోంచి ఒక డబ్బా తీసి చల్లటి చిక్కుడు గింజలేవో ప్లాస్టిక్ చెంచాతో తిన్నారు. నెలలో ఇరవై రోజులు ఇలా ఫ్యాక్టరీలు తిరుగుతాను, ఇరవై రోజులూ ఇదే అన్నారు. ఆదివారం సంగతి కూడా అప్పుడే ఎత్తాను. మా ఆరాధనలో తాను కూర్చోవడం కుదరదని, పైగా శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే తమవాళ్లున్న ఊరికి చేరుకోవాలని చెప్పారు. సంఘానికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఆ మటన్ మొత్తం నేనే తిన్నాను.

ఆ సాయంత్రం స్టోర్స్‌లో గ్లిజరిన్ డ్రమ్ముల దగ్గర ఆగారు. రుచి ద్రవాలకు గ్లిజరిన్ ఆధారం. అది నూనె గింజల నుంచీ వస్తుంది, పశువుల కొవ్వు నుంచీ వస్తుంది. చూడ్డానికి రెండూ ఒకటే. మాకు సర్టిఫికెట్ ఉన్న పాత సప్లయర్ ఒకడుండేవాడు. మూడు నెలల కిందట మల్లాపూర్‌లో ఒక వ్యాపారి తక్కువకు ఇస్తానంటే నేనే ఇరవై డ్రమ్ములు అతని దగ్గర కొన్నాను. ఆ ధర తగ్గించినందుకు మీటింగులో చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. అతని దగ్గర ఉన్నదల్లా, ఇది వెజిటబుల్ సరుకు అని తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చిన ఒక్క కాగితమే.

రబ్బీ గారు అద్దంతో లేబుల్ చదివి, ఇది కుదరదన్నారు. అప్పుడు నాలోని కొట్టు పిల్లవాడు నిద్ర లేచాడు. ఆ వ్యాపారి ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి, కొవ్వు సరుకు అమ్ముతాడా అన్నాను. ఆయన ఏం తింటాడన్నది కాదు, డ్రమ్ములో ఏముందన్నదే ప్రశ్న అన్నారు. సరే, ఈ ఒక్క లాట్ వదిలేయండి, వచ్చే లాట్ నుంచి మీరు చెప్పినట్టే అన్నాను. సగం వాడుకుంటాం, సగం వెనక్కి పంపుతాం అన్నాను. చివరికి, మనిద్దరం ఒకే దేవుడి పిల్లలం కదా, నా మాట మీద ఒప్పుకోండి అన్నాను. ఆయన టార్చి ఆర్పి నా వైపు తిరిగారు.

“ఈ నియమం నాదైతే మీకు తగ్గించి ఇచ్చేవాణ్ణే. ఇది నాది కాదు. నేను కూడా దీని కిందే ఉన్నాను.”

నా జీవితంలో ఎన్నో రకాలుగా కాదనిపించుకున్నాను. ధర పెంచడానికి కాదన్నవాళ్లు, అహంకారంతో కాదన్నవాళ్లు, పక్కగదిలోకి వెళ్లి యజమానిని అడిగొచ్చినట్టు నటించి కాదన్నవాళ్లు. ఇది ఆ రకాల్లో దేనికీ చెందలేదు. లోపలికి వెళ్లడానికి సందు లేని జవాబు. ఇరవై డ్రమ్ముల మీదా ఎర్ర స్టిక్కరు పడింది.

బుధవారం ప్లాంటు. ఇక్కడ మల్లేశం సంగతి చెప్పాలి. మా బాయిలర్ అటెండెంట్. బాయిలర్ నడపడానికి రెండో తరగతి సర్టిఫికెట్ ఉన్నవాడు, జనగామ దగ్గర ఊరు, బోడుప్పల్‌లో అద్దె గది. నా హోదాకూ అతని హోదాకూ మధ్య నాలుగు మెట్లుంటాయి. ముప్పై మంది మేనేజర్లున్నా బాయిలర్ ఎప్పుడు ఏం చేస్తుందో తెలిసింది అతనికొక్కడికే.

రుచి ద్రవాలు వండే పాత్రలకు చుట్టూ ఇంకో గోడ ఉంటుంది. ఆ రెండు గోడల మధ్యకు ఆవిరి పంపి వేడి చేస్తాం. పని అయ్యాక ఆవిరి చల్లబడి నీరవుతుంది. ఆ నీటిని పారబోయకుండా మళ్లీ బాయిలర్‌కు పంపితే ఇంధనం ఆదా. మా దగ్గర జెలటిన్ కరిగించే ఒక పాత పాత్ర కూడా ఉంది. జెలటిన్ పశువుల ఎముకల నుంచి, తోళ్ల నుంచి వచ్చేది. దాని నీరు తిరిగి బాయిలర్‌లో కలిస్తే ఆ ఆవిరే మిగతా అన్ని పాత్రలకూ వెళుతుంది, అప్పుడు ఏదీ కోషర్ కాదు. రబ్బీ గారు ఆ పాత్ర దగ్గర నిలబడి దీని నీరు ఎటు పోతుందని అడిగారు. నేను డ్రాయింగు విప్పి చూసి డ్రెయిన్‌లోకి అన్నాను. పైపు కొన్నది నేనే. ఎక్కడ కలిపారో మాత్రం ఎన్నడూ వెళ్లి చూడలేదు.

“కాదు సార్,” అన్నాడు మల్లేశం వెనక నుంచి. “గా నీళ్లు మళ్ల మన ట్యాంకులనే వడ్తయి. రెండేండ్ల కింద కలిపిన్రు.”

నేను అతని వైపు చూసిన చూపుకు మామూలుగా అయితే బాయిలర్ ఆగిపోవాలి. అతను పట్టించుకోలేదు. సుద్దముక్క తీసి నేల మీద కూర్చుని మొత్తం ఆవిరి లైను గీశాడు. ఇన్‌లెట్, రిటర్న్, ట్రాప్, డ్రెయిన్. ఇంగ్లీషు వాక్యం ఒక్కటి రాదు కానీ యంత్రానికి సంబంధించిన మాటలన్నీ వచ్చు. రబ్బీ గారు టోపీ సర్దుకుని అతని పక్కనే నేల మీద కూర్చున్నారు. అరగంట. అనువాదానికి నేను వంగి నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

అక్కడే పుట్టింది అసూయ. చిన్నప్పటి మంట ఒకటుండేది కదా, దానికి కొత్త మొహం వచ్చింది. అబ్రాహాముతో చుట్టరికం చెప్పుకున్నవాణ్ణి నేను. మటన్ వండించినవాణ్ణి నేను. ఆయన కూర్చున్నది మాత్రం శనివారం ఆంజనేయుడికి వత్తి వెలిగించే మల్లేశం పక్కన. మధ్యాహ్నం ఇంకో దెబ్బ తగిలింది. మల్లేశం గేటు బయటి బండి దగ్గర అరటిపళ్లు ఒక అత్తం కొని తెచ్చాడు. రబ్బీ గారు రెండు ఒలుచుకుని తిన్నారు. పక్కకు పిలిచి, నీకెవరు చెప్పారురా ఇవి తింటాడని అన్నాను.

“ఎవ్వలు జెప్పలే సార్. ఏం తింటవని ఆయన్నే అడిగిన.”

ఆ రోజే తిరుగు పైపు కోసి డ్రెయిన్‌కు మళ్లించారు. ట్యాంకు ఖాళీ చేశారు. పాత్రలను ఇరవై నాలుగు గంటలు ఏ పనీ చేయించకుండా వదలాలి, తర్వాత అంచుదాకా నీళ్లు నింపి పొంగి పొర్లేలా మరిగించాలి. అది వాళ్ల శుద్ధి విధానం. గురువారం మధ్యాహ్నం పాత్రలు వేడెక్కుతుండగా రబ్బీ గారు ఒక్కరే బాయిలర్ గది గుమ్మంలో నిలబడ్డారు. నేను పక్కన చేరాను.

చేసిన పని చెబుతున్నాను, దీనికి అలంకారాలు అక్కర్లేదు. బాయిలర్ మీద పసుపు కుంకుమ బొట్లు చూపించాను. పైన వేలాడుతున్న నిమ్మకాయలు చూపించాను. దసరాకు మల్లేశం ఇక్కడ కొబ్బరికాయ కొడతాడని, విగ్రహారాధన చేసేవాడని, మీ దేవుడు రోషం గల దేవుడు కదా, ఇలాంటివాడి చేతిలో మీ సర్టిఫికెట్ పెడతారా అని అడిగాను. మీ దేవుడు అనలేదేమో, మన దేవుడు అన్నాననుకుంటాను.

ఆయన పీడనం చూపే ముల్లు మీంచి చూపు తిప్పకుండానే, ఆ కొబ్బరికాయ మీ సరుకులో కలుస్తుందా అని అడిగారు. కలవదన్నాను.

“ఇదంతా ఆయన నాకు నిన్న పొద్దున్నే సైగలతో చెప్పాడు. తీసేయాలా అని కూడా అడిగాడు. నేను చూడటానికి వచ్చింది ఆవిరిని. దేవుడు చేసుకున్న నిబంధన నా మీద ఉంది, ఆయన మీద లేదు. దాన్ని మోయవలసింది నేను.”

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బేరం మొదలయ్యేది.

సాయంత్రం పాత్రలన్నీ పొంగి పొర్లాయి. ఎండీ గారి గదిలో రబ్బీ గారు ఫారం నింపుతూ బాధ్యుడి పేరు దగ్గర ఆగి, మల్లేశం అనే పేరుకు అక్షరాలు చెప్పమని నన్నే అడిగారు. చెప్పాను. ఎండీ గారు ఆశ్చర్యపోయి, సామేలు గారు మేనేజర్ కదా అన్నారు. పని ఆగిపోతుందని తెలిసీ పైపు ఎటు పోతుందో చెప్పిన మనిషి ఆయనే అన్నారు రబ్బీ గారు. ఆయన వెళ్లాక ఎండీ గారు నా భుజం తట్టారు. “ఫికర్ చెయ్యకు సామేలూ. కాగితాలు నువ్వు సూడు, ఫోన్ మాత్రం మల్లేశం ఎత్తుతడు.”

ఆదివారం తరగతి తర్వాత పాస్టర్ గారి దగ్గర కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు, వాక్యం తెరిచారు. అన్యజనులకు, అంటే యూదులు కాని మాలాంటివాళ్లకు, అపొస్తలుడిగా వచ్చినవాడు రాసిన సంగతి నాకు తెలియనిది కాదు, నా తరగతిలో నేను దాటవేసేది: మనం అడవి ఒలీవ కొమ్మలం, అంటుకట్టబడినవాళ్లం. కొమ్మ వేరును మోయదు, కొమ్మను మోసేది వేరు, కాబట్టి అసలు కొమ్మల మీద అతిశయపడవద్దు. దేవుడు పిలిచిన పిలుపును ఆయన వెనక్కి తీసుకోడు. మన రక్షణ చూసి ఇశ్రాయేలుకు రోషం పుట్టాలని కూడా అక్కడే ఉంది. నీ విషయంలో ఆ రోషం తిరగబడి నీకే పుట్టింది అన్నారాయన. ఇంకొకటి కూడా చూపించారు. దేవుడు ఆ జనాన్ని ఎంచుకున్నది వాళ్లు గొప్పవాళ్లని కాదు, ఎక్కువమంది అని కాదు, ప్రేమించాడు కాబట్టి, వాళ్ల పితరులకు మాటిచ్చాడు కాబట్టి. కొనుగోలువాడిగా నాకు అది మింగుడుపడలేదు. మేము ఎవర్నైనా ఎంచుకునేది తూకం వేసి, నమూనా పరీక్షించి, ధర చూసి. కాంట్రాక్టులో ఒకడు తప్పితే రెండోవాడు విడుదలవుతాడు. నిబంధనలో ఒకడు తప్పినా రెండోవాడు తన మాట మీదే ఉంటాడు. ఈ తేడా తెలియకుండా పన్నెండేళ్లు తరగతి చెప్పాను. వాళ్ల కాంట్రాక్టు రద్దయిందన్న నా లెక్క నిజమైతే నాది రద్దు కాదనడానికి ఏ ఆధారమూ ఉండదు. ఇది నాకు అప్పటిదాకా తట్టలేదు.

సోమవారం బాయిలర్ గదికి వెళ్లి, రబ్బీ గారితో నీ గురించి ఇలా అన్నానని మల్లేశంతో చెప్పాను. అతను చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

“ఎర్కే సార్. పోయేముందు గాయన నన్నడిగిండు, బాస్ యాంగ్రీనా అని. నో సార్ అన్న. మా సార్ మంచోడే, జర టెన్షన్ల ఉన్నడు అని జెప్పిన.”

ఇంగ్లీషులో ఎట్ల జెప్పినవ్ అన్నాను. “టెన్షన్ ఇంగ్లీషే గద సార్,” అన్నాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. ఎంపికైనవాడి మీద అసూయపడ్డానంటే ఎంపిక చేసినవాడి లెక్క తప్పని అంటున్నానన్నమాట, ఆ లెక్క సరిచూసే ఉద్యోగం నాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇక బిల్లు. ఇరవై డ్రమ్ములను మల్లాపూర్ వ్యాపారి వెనక్కి తీసుకున్నాడు, రవాణా మాత్రం మా మీద వేశాడు. ఆ నష్టం ఆ ఏడాది నా పనితీరు నివేదికలో, నా పేరు పక్కనే రాశారు, సరిగ్గానే రాశారు. ఆర్డరు వచ్చింది, దానిలో నా వంతు ఏమీ లేదు. పన్నెండేళ్లు తప్పు చెప్పానని తరగతిలో నిలబడి ఒప్పుకోవలసి వచ్చింది. ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు, తిరిగి రాలేదు. మల్లేశం నాకిచ్చిన మంచి పేరు ఒకటి ఉంది. దానికి తగిన సరుకు నేనేమీ ఇవ్వలేదు, తర్వాత కూడా ఇవ్వలేకపోయాను. ఇశ్రాయేలు మీద అసూయ పూర్తిగా పోయిందని రాస్తే లెక్క అందంగా కుదిరేది. తగ్గింది, పోలేదు. అది బాకీ కిందే చూపిస్తున్నాను.